లేని బటన్‌కు ముప్పై ఆరు కారణాలు

"ఆరు... ఏడు... ఎనిమిది!"

మేనేజరు ఎనిమిది అనగానే ల్యాబులో దీపాలన్నీ ఆరిపోయాయి. మరుక్షణం పక్క హాల్లో కంప్యూటర్లు, ఆ వెనకే కాఫీ మెషీను, చివరికి లిఫ్టు. లిఫ్టులోంచి ఎవరో తలుపు బాదుతున్నారు. కాలిన ప్లాస్టిక్కు వాసన గుప్పుమంది.

చీకట్లోంచి ప్రచార విభాగం ఆవిడ చప్పట్లు కొట్టింది. "పనిచేసింది! ఎనిమిది సెకన్లు నొక్కితే పవర్ పోయింది!"

"చిప్పుకి పోవాలమ్మా, బిల్డింగుకి కాదు," అన్నాడు బోర్డులకు తీగలు అతికే సోల్డరింగు బాబాయి.

బటన్ మీద వేలు మిణుగురుది. ఆ వేలు తీయాలని కూడా ఆమెకు తోచలేదు. బల్ల మీద ఎప్పుడూ మిణుకుమనే బోర్డుల వల్ల ఆఫీసులో ఆమెకా పేరు వచ్చింది. చేరి ఆరు నెలలయింది. ఈ సాయంత్రం ఆరుగంటల లోపల తను రాసి పంపిన మొదటి మార్పు, అంటే ప్యాచ్, కెర్నెల్‌లోకి వెళితే ఉద్యోగం పర్మనెంటు. వెళ్ళకపోతే ఇంటికి.

నిజానికి ఉదయం ఆమె అనుకున్నది చాలా చిన్న పని. ఒక కాఫీ, ఒక ఈమెయిలు. అంతే.

కంప్యూటరును లోపలినుంచి నడిపే కెర్నెల్‌కు కళ్ళుండవు. బోర్డు మీద ఏ చిప్పుంది, దానికి ఎన్ని లోహపు కాళ్ళున్నాయి, ఏ కాలికి ఎన్ని వోల్టులు అన్నది మనమే రాసివ్వాలి. ఏది రాయొచ్చో, ఏది రాయకూడదో చెప్పే నియమాల ఫైలే స్కీమా. కరెంటు పంచిపెట్టే కొత్త చిప్పుకు మిణుగురు అలాంటి స్కీమా రాసి పంపింది. వాటిని పరీక్షించేది పెద్దాయన.

పెద్దాయన ముఖం ఆఫీసులో ఎవరూ చూడలేదు. ఏ దేశంలో ఉంటాడో కూడా తెలియదు. లోకంలోని చిప్పుల స్కీమాలన్నీ ఆయన కళ్ళముందునుంచే పోవాలి. ఒకసారి ఎన్నడూ చేత్తో ముట్టని చిప్పు స్కీమా చదివి, "మూడో కాలూ నాలుగో కాలూ తారుమారయినట్టున్నాయి" అని రాశాడట. తయారుచేసినవాళ్ళు పెట్టె విప్పి చూస్తే నిజమే! అప్పటినుంచి ఆయన ఈమెయిలు వస్తే మేనేజరు కుర్చీలో నిటారుగా కూర్చుని చదువుతాడు.

ఆ ఉదయం వచ్చింది ఒకే ఒక్క వాక్యం: "ఎనిమిది సెకన్లు నొక్కితే ఆగే బటన్ ఈ చిప్పుకు ఎందుకు?"

మిణుగురు తన ఫైలు తెరిచి చూసింది. బటన్ గురించి నిజంగానే ఒక లైను ఉంది. చిప్పుకు అసలు బటన్ పెట్టే కాలే లేదు.

"తెలీదని మాత్రం రాయకు, పరువు పోతుంది," అన్నాడు మేనేజరు. "ఆయన అడిగాడంటే అందులో ఏదో మర్మం ఉంటుంది. కస్టమరు అడిగాడని రాయి."

"ఏ కస్టమరు సార్?"

"ఎవడో ఒకడు! కనుక్కుంటా."

కనుక్కోమని ప్రచార విభాగానికి చెప్పాడు. ఆవిడ ఊరుకుంటుందా? "మా చిప్పుకు కొత్త బటన్" అంటూ బొమ్మవేసి కస్టమర్లందరికీ పంపింది. ఒకాయన వెంటనే జవాబిచ్చాడు: "భలే! వీడియో పంపండి." వీడియో కావాలంటే బటన్ కావాలి. బటన్ కావాలంటే బాబాయి కావాలి.

"కాలు లేని చిప్పుకి చెప్పులు తొడగమంటారేంటి?" అని బాబాయి గింజుకున్నాడు. మేనేజరు వినలేదు. చివరికి బాబాయి కరెంటు వచ్చే తీగకే ఒక బటన్ అతికించాడు. ఆ తర్వాత జరిగిందే ఈ చీకటి.

దీపాలు వచ్చేసరికి నాలుగున్నర. లిఫ్టులోంచి బయటపడ్డ అకౌంటెంటు నేరుగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"ఆ లైను మన ఫైల్లోకి ఎవరు దూర్చారో తేలాల్సిందే!" మేనేజరు గర్జించాడు. "దొంగని ఇవాళే పట్టుకుంటా!"

మిణుగురు తేలు కుట్టిన దొంగలా తలవంచుకుంది. బాబాయి పక్కన చేరాడు.

"ఏమ్మా, ఎక్కణ్ణుంచి వచ్చింది ఆ లైను?"

"పాత చిప్పు ఫైల్లోంచి కాపీ కొట్టా బాబాయ్."

"ఎందుకుందో తెలుసా?"

"తెలీదు."

"మరదే రాయి. అబద్ధం రాస్తే దానికి ఇంకో బటన్ అతికించాల్సొస్తుంది. నావల్ల కాదు."

పెద్దాయనకు పంపే ఈమెయిళ్ళను వేలమంది చదువుతారు. అయినా రాసింది. "కాపీ చేశాను. ఎందుకుందో నాకు తెలియదు. మా చిప్పుకు బటన్ లేదు. తీసేసి మళ్ళీ పంపుతున్నాను."

అయిదూ యాభైకి జవాబొచ్చింది. మేనేజరు నిటారుగా కూర్చున్నాడు. మిణుగురు చదివింది.

"ఆమోదించాను. పదకొండేళ్ళుగా ఈ ప్రశ్న అడుగుతున్నాను. ముప్పై ఆరు కంపెనీలు ముప్పై ఆరు కారణాలు చెప్పాయి. తెలియదన్నది మీరొక్కరే. ఆ లైను మొట్టమొదట రాసిందెవరో పాత ఫైళ్ళ చరిత్రలో ఉంటుంది. చూడండి. మొహమాటపడొద్దు."

ఆమోదించాను అన్న మాట దగ్గర మిణుగురు కళ్ళు చెమర్చాయి. మేనేజరుకు మాత్రం దొంగ కావాలి.

ఫైళ్ళు గోడమీద తెరపైకి వచ్చాయి. ఏ లైను ఎవరు, ఏ రోజు రాశారో అన్నీ నమోదై ఉంటాయి. మిణుగురు కాపీ కొట్టిన ఫైల్లో ఆ లైను పక్కన మేనేజరు పేరే ఉంది.

"అది... సేఫ్టీ కోసం పెట్టా," అని ఆయన దగ్గాడు. "వెనక్కెళ్ళు, వెనక్కెళ్ళు!"

వెనక్కి వెళ్ళారు. ఒకళ్ళను చూసి ఒకళ్ళు కాపీ కొట్టారు, అచ్చం గొర్రెదాటు. ముప్పై ఆరు చిప్పులు, దేశదేశాల ఇంజనీర్లు, అన్నిచోట్లా అవే ఎనిమిది సెకన్లు. చివరి ఫైలు పదకొండేళ్ళ కిందటిది. లైను పక్కన చిన్న గమనిక: "ఎందుకు పెట్టానో గుర్తులేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు."

కింద పేరు చూసి మేనేజరు కళ్ళజోడు తీశాడు.

"చదవండి సార్," అన్నాడు బాబాయి. "దొంగని పట్టుకోవాలన్నారుగా."

మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పెద్దాయన."

ఆయనకే గుర్తులేని కారణం, ముప్పై ఆరు కంపెనీలకు మాత్రం బాగా తెలుసు.