ఎనామిల్ స్లాబు కింద బామ్మర్ది

మీరు నవ్వనంటే చెబుతాను. నవ్వినా చెబుతాను, ఎలాగూ ఈ సంగతి రామన్నపేటంతా పాకిపోయింది.

మా ఇంట్లో ముందు గది మా పెళ్లయినప్పటి నుంచి మగ్గానిది. మా ఆవిడ మంజులత పగలంతా అందులో చీరలు నేసేది. రాత్రి ఆ మగ్గం వదిలిన జాగాలో నేను కాళ్లు ముడుచుకుని పడుకునేవాణ్ణి. మొన్న ఎండాకాలంలో ఇంటి వెనక రేకుల అర్ర వేయించి మగ్గాన్ని అందులోకి మార్చాం. ముందు గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక టీవీ, నేను మిగిలాం. మొదటి రోజు కాళ్లు బారజాపుకుని పడుకుంటే నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ సంతోషంలోనే స్లాబు పిచ్చి పట్టింది. నందికొండలో ఒక హోటల్లో పైకప్పు తళతళ మెరుస్తుంటే చూశాను. కింద నడిచే మనిషి పైన కూడా నడుస్తున్నాడు. నా గదికీ అలాంటిదే ఉండాలనుకున్నాను.

రంగులు వేసే గాలయ్య డబ్బా మూత తీయకుండా నా ముఖం చూశాడు.

"సార్, ఎనామిల్ తలుపులకేస్తరు. స్లాబుకు ఎవ్వలేపిచ్చుకుంటరు?"

"నేనేపిచ్చుకుంట."

"మెరుపుకు ఎత్తులు, గుంతలు అన్నీ కనవడ్తయి సార్."

"మా ఇంట్ల మెడ పైకెత్తి చూసేదెవ్వలు గాలయ్యా?"

గడపలోంచి మంజులత అందుకుంది. "పండుకునుడే పనిగ వెట్టుకున్నోడు పైకి గాక ఇంకేడ జూస్తడు? ఎయ్యి గాలయ్యా, ఎయ్యి."

వేశాడు. స్లాబు అద్దమైంది. ఒక ట్యూబులైటు పెడితే రెండు వెలిగాయి. నేను మురిసిపోయాను.

చిక్కు బల్లితో వచ్చింది. తొలి వానలకు ట్యూబులైటు చుట్టూ పురుగులు, పురుగుల కోసం బల్లి. దానికి మెరిసే స్లాబులో ఇంకో బల్లి కనిపించేది. ఇది తోక ఆడిస్తే అదీ ఆడించేది. నా జాగాలోకి ఎవడొచ్చాడన్న కోపంతో ఇది దాని మీదికి ఎగరబోయి, మూతి గుద్దుకుని, పట్టు తప్పి కింద పడేది. మొదటిసారి నా పొట్ట మీదే పడింది.

మంజులతకు బల్లిశాస్త్రం ఎక్కాల్లాగా నోటికి వచ్చు. ఒంటి మీద ఎక్కడ పడితే ఏమవుతుందో, మగవాళ్లకొక తీరు, ఆడవాళ్లకొక తీరు.

"పొట్ట మీద వడ్డదా? మంచిదే, ధాన్యలాభం," అంది.

"గట్లనా!"

"బియ్యం అయిపోయినయని నిన్నటి సంది మొత్తుకుంటున్న. పో, తీస్కరా."

తెచ్చాను. శాస్త్రం ఫలించింది.

అప్పుడు దిగాడు నా బామ్మర్ది విజేందర్. జడ్చర్లలో మందుల కంపెనీలో పని వదిలేసి రామన్నపేటలో సెల్‌ఫోన్ల షాపు పెడతాడట. "కిరాయికి అర్ర దొరికేదాక ఈడుంట బావా," అన్నాడు. మంచం అతనిదైంది, కింద చాప నాదైంది. కుర్చీలో అతని ప్యాంట్లు కూర్చున్నాయి, రిమోట్ అతని దిండు కింద పడుకుంది. గురక మాత్రం ఇద్దరికీ సమానంగా పంచేవాడు.

వంటింట్లో మంజులతను పట్టుకున్నాను. "ఎప్పుడు పోతడు?"

"నా తమ్ముడు. ఉన్నన్ని దినాలుంటడు."

"గా అర్ర కోసం నేను ఎన్నేండ్లు కాసుకున్న!"

"నేను అండ్ల మగ్గం గుంటల కూసున్నన్ని ఏండ్లు."

అదీ నిజమే. కానీ గది కావాలి. ఈ వయసులో మనిషికి కాళ్లు చాపుకునే చోటు దొరికి మళ్లీ పోతే ఎంత ఉడుకుబోత్తనం వస్తుందో మీకు తెలియదు.

విజేందర్‌కు బల్లంటే హడల్. పెళ్లిచూపులకు బయల్దేరి, గోడ మీద బల్లి పలికిందని వాకిట్లోంచే వెనక్కి వచ్చిన రకం. నెత్తి మీద గనక పడిందంటే ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టడు. నేను మంచాన్ని గోడ దగ్గర్నుంచి లాగి సరిగ్గా ట్యూబులైటు కింద వేశాను.

"ఈడ గాలి మంచిగొస్తది," అన్నాను.

"నువ్వు దేవునివి బావా," అన్నాడు.

బల్లి మాత్రం నా మాట వినలేదు. టీవీ మీద పడింది, ఉతికిన బట్టల మీద పడింది, నా చెప్పులో పడింది. బామ్మర్దిని తప్పించి అన్నిటి మీదా పడింది. నాకు ఓపిక నశించింది.

ఆ ఆదివారం పొద్దుగూకే వేళ వాన వెలిసింది. ట్యూబులైటు చుట్టూ ఉసిళ్లు ముసిరాయి. విజేందర్ బనీను మీద, మంచం అంచున కూర్చుని, ఒళ్లో కంచం పెట్టుకుని టీవీ చూస్తూ జొన్నరొట్టె, పప్పు తింటున్నాడు. మంజులత వంటింట్లో రొట్టెలు కాలుస్తోంది. నేను బూజుకర్ర తీసుకుని చప్పుడు కాకుండా అతని వెనక నిలబడ్డాను.

బల్లి లైటుకు ఆ చివర ఉంది. కర్ర కొసతో మెల్లగా తరిమాను. ఒక బెత్తెడు జరిగి ఆగింది. ఇంకో బెత్తెడు జరిగింది.

"బావా, ఎనక ఏం జేస్తున్నవ్?"

"బూజు."

"గిప్పుడా?"

"బూజుకు టైముంటదా? నువ్వు తిను."

బల్లి ఇప్పుడు అతని నడినెత్తికి సరిగ్గా పైన ఉంది. దానికి రెండో బల్లి కనిపించింది. తోక ఆడించింది. తల వెనక్కి తీసింది. ఎగిరింది. జారింది.

అదే క్షణంలో విజేందర్ కిందపడిన ఉల్లిగడ్డ ముక్క కోసం ముందుకు వంగాడు. బల్లి నెత్తి తప్పి వీపు మీద, ఎడమ పక్కన థప్పున పడింది.

వాడు పెట్టిన కేకకు పక్కింటి గొర్రెలు అరిచాయి. కంచం పైకి లేచింది. పప్పు నా ఎనామిల్ స్లాబుకు అంటుకుని, అక్కడినుంచి నా నెత్తిన బొట్లు బొట్లుగా రాలింది. బల్లి వాడి వీపు మీంచి దూకి నా మడమ మీదుగా పారిపోయింది.

"అక్కా! ఏడ వడ్డదో జూడవే! నాకేమైతదే?" వాడి పెదవులు వణుకుతున్నాయి. ఆ ముఖం చూస్తే నాకు జాలేసింది. జాలిపడుతూనే వాడి సంచీ ఎక్కడుందా అని కూడా చూశాను.

మంజులత అట్లకాడతో వచ్చింది. తమ్ముడి వీపు చూసింది. నా చేతిలోని కర్ర చూసింది. స్లాబు వైపు చాలాసేపు చూసింది.

"ఎడమ దిక్కు వీపు," అంది చివరికి. "భయపడకు. మొగోళ్లకు గది విజయం రా. ఏ జాగల వడ్డదో గా జాగనే కలిసొస్తది. ఇడిశిపెట్టద్దు."

మా దిక్కు 'గది' అంటే 'అది' అని. నాకు మాత్రం నా గదే వినిపించింది.

విజేందర్ మంచం మీద కూలబడి గట్టిగా ఊపిరి వదిలాడు. "బతికిచ్చినవక్కా. పొద్దుగాలనే కిరాయి అర్ర దొరికింది. రేపు పోదామనుకున్న, తిన్నంక మీకు చెప్దామనుకున్న. ఇగ యాడికీ పోను." అని అక్కడే ఫోను తీశాడు. "అన్నా, గా అర్ర ఇంకెవ్వలకన్న ఇచ్చుకో."

నేను నెత్తి మీది పప్పు తుడుచుకున్నాను.

"గది విజయమని ఎవ్వలు చెప్పిన్రు? పంచాంగం తీయ్, చూద్దాం," అన్నాను.

మంజులత నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "రొట్టె తిప్పుకుంట గడపల కెల్లి పైకి జూసిన. స్లాబుల నువ్వే కనవడ్డవ్, కర్ర వట్టుకోని, తలకిందులుగ. పంచాంగం మా తమ్ముని ముందట తియ్యాల్నా?"

"వద్దులే," అన్నాను. కానీ ఉండబట్టలేక అడిగాను. "నా మడిమె మీదికెల్లి గూడ పోయింది గద. నాకేమన్న ఉన్నదా?"

"ఎందుకు లేదు? మడిమె అంటే ప్రయాణం."

"ఏడికి?"

"మగ్గం అర్రకు," అంది. "చాప తీస్కపో. కర్ర ఈడ వెట్టు."

కర్ర అక్కడ పెట్టి, చాప తీసుకున్నాను.