నక్షత్రం లేని ప్రశ్న

"గిద్యోనూ! మురుగుకాలవ బండ గురించి నేనెప్పుడు అడిగినానయ్యా?"

ఫోన్లో ఎమ్మెల్యే విజయభాస్కర్ గొంతు వినగానే గిద్యోను నోట్లోని బ్రష్ ఆగిపోయింది. దాన్ని బయటికి తీయలేదు. తీస్తే జవాబు చెప్పాలి.

"పొద్దున్నే మంత్రిగారు ఫోన్ చేసినారు. 'సొంత పార్టీవాడివి, ఒక్క మాట చెప్తే బండ వేయించనా? దానికి అసెంబ్లీలో ప్రశ్న వేస్తావా?' అంటుండారు. నాకు చెమటలు పట్టినాయి. ఏం బండ? యాడ బండ?"

"చూస్తా సార్," అన్నాడు గిద్యోను నురగలోంచి.

"చూసేదేంది, నేనే చదువుతా విను. 'తాటిదిబ్బపాళెం చర్చివీధిలో మురుగుకాలువపై బండ పగిలి ఎనిమిది నెలలైన మాట వాస్తవమేనా? దానిపై కాలు జారి ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలి కాలు విరిగిన మాట వాస్తవమేనా? అయితే బండను పగలగొట్టినది ఎవరు? కొత్త బండ ఎప్పుడు వేస్తారు? త్వరలో అని కాకుండా తేదీ తెలుపుతారా?' కింద నా సంతకం ఉందంట!"

చివరి వాక్యం దగ్గర గిద్యోనుకు విషయం అర్థమైంది. త్వరలో అనే మాటను అంతగా అసహ్యించుకునే మనిషి ఈ ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు. ఆమె అప్పుడు వంటింట్లో ఇడ్లీరేకులకు నూనె రాస్తోంది.

"ఇదిగో గిద్యోనూ, పోయిన నెల కావలి మీటింగుకు నాయుడుపేట ఉపన్యాసం ఇచ్చినావు. ఇది రెండోది. మూడో తప్పు జరిగిందంటే నీ కుర్చీలో మా మేనల్లుడు ముఖేష్ కూర్చుంటాడు. ఆ ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం రాసుకొనిరా."

గిద్యోను పదకొండేళ్లుగా ఎమ్మెల్యే గారి పీఏ. అసెంబ్లీ ప్రశ్నలు రాయడం ఆయన పనే. ఆ ప్రశ్నలు రెండు రకాలు. నక్షత్రం గుర్తు ఉన్నవాటికి మంత్రి సభలో లేచి నిలబడి జవాబు చెప్తాడు. గుర్తు లేనివాటికి కాగితం మీద జవాబు వస్తుంది. నోటితో చెప్పినదాన్ని రేపు కాదనవచ్చు. కాగితం మీదిది కాదనడానికి వీల్లేదు. అందుకే నక్షత్రం లేనివే అసలైన ప్రశ్నలని గిద్యోను ఇంట్లో తరచూ చెప్పేవాడు. ఆ మాట భార్య ఇంత శ్రద్ధగా వింటుందని ఊహించలేదు.

ఇక ఎమ్మెల్యే గారిది చదవకుండా సంతకం పెట్టే అలవాటు. ఖాళీ ఫారాల మీద ఒకేసారి ఇరవై సంతకాలు పెట్టి ఇచ్చేస్తారు. అవి గిద్యోను ఇంట్లో, భోజనాల బల్ల మీద, ఊరగాయ జాడీ కింద ఉంటాయి.

"అబీ, ఆ ఫారం మీద నువ్వు రాసినావా?"

అబిగయీలు హైస్కూల్లో తెలుగు టీచరు. తప్పు చేసిన పిల్లవాడిని చూసినట్టు భర్తను చూసింది.

"రాసినా. ఎనిమిది నెలలు నోటితో అడిగినా. ఎప్పుడడిగినా త్వరలో, త్వరలో. రాసి అడిగితేనే జవాబొస్తుందని మీరే గదా చెప్పింది? రాసి బల్ల మీద పెట్టినా. మీరు చదివి సిగ్గుపడతారనుకున్నా. చదవకుండా కట్టలో పెట్టి పంపిస్తారని నాకేం తెలుసు?"

"అసెంబ్లీ ఆఫీసువాళ్లు మాత్రం ఎట్లా ఒప్పుకున్నారు? నేను రాసినవి పదకొండు తిప్పి పంపినారు!"

"భాష బాగుంటే ఒప్పుకుంటారు."

నడవాలో కుర్చీలో కూర్చున్న అబిగయీలు తల్లి కరుణాకుమారి కళ్లద్దాలు సర్దుకుంది. ముప్పై రెండేళ్లు పంతులమ్మగా, హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. కాలు అతికినా, చేతికర్ర మాత్రం వదల్లేదు.

"అడిగినదాంట్లో తప్పేముంది అల్లుడూ? పగలగొట్టింది రొయ్యల లారీ అన్నావు. ఆ లారీవాడి చేతే బండ వేయిస్తానన్నావు. వాడి పేరు చెప్తే సరిపాయె."

గిద్యోను ఇడ్లీ తినకుండానే లేచాడు. రొయ్యల లారీ పేరు చెప్పడం కుదరదు. ఎందుకంటే రొయ్యల లారీ లేదు.

ఎనిమిది నెలల కిందట ఒక ఆదివారం, వీధి వీధంతా ఆరాధనలో ఉన్నప్పుడు, ఎమ్మెల్యే గారు గిద్యోనును కారులో ఇంటి దగ్గర దించడానికి వచ్చారు. సందులో కారు తిప్పడానికి చోటు లేదు. గిద్యోను దిగి, వెనక నిలబడి, రెండు చేతులూ ఊపుతూ "రానీ... రానీ... రానీ..." అన్నాడు. డ్రైవరు మస్తాన్ రానిచ్చాడు. బండ ఫట్‌మంది. వెనక చక్రం కాలువలోకి దిగి, మళ్లీ పైకి లేచింది. లోపల ఫోన్ మాట్లాడుతున్న ఎమ్మెల్యే గారు "ఏందది?" అన్నారు. "గుంత సార్," అన్నాడు గిద్యోను.

ఆ ఒక్క గుంతను కప్పడానికి రొయ్యల లారీ పుట్టింది. లారీ పుట్టాక, బండ సొంతంగా వేయిస్తే 'లారీవాడు చేసినదానికి మనమెందుకు వేయించాలి?' అని భార్య అడుగుతుంది. అందుకని ఎనిమిది నెలలుగా ఆయన ఆ లారీవాడిని వెతుకుతూనే ఉన్నాడు.

ప్రశ్నను వెనక్కి తీసుకునే కాగితం పట్టుకుని గిద్యోను ఎమ్మెల్యే గారి ఇంటికి చేరేసరికి పదయింది. ఆయన చేతిలో పేపరు, ముఖంలో వెలుగు ఉన్నాయి.

"చూసినావా? 'రోడ్లు, రేవులు అడిగేవాళ్లు ఎందరో. అవ్వ కాలు జారిన బండ గురించి అడిగింది ఒక్కడే' అని రాసినారు. మా వదిన హైదరాబాదు నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. ఆ కాగితం చించెయ్."

"సార్, మంత్రిగారు..."

"ఆయనా పేపరు చూసినాడు. వెంటనే బండ వేయిస్తాడంట. పగలగొట్టినవాడిని మాత్రం నేను వదలను గిద్యోనూ. వాడు ఎంతటివాడైనా సరే, వాడికి సాయం చేసినోడైనా సరే!"

గిద్యోను కాగితం చించేశాడు.

ఆ మధ్యాహ్నం నుంచే చర్చివీధిలో జీపులు తిరగడం మొదలైంది. ఇద్దరు ఇంజనీర్లు పగిలిన బండ పొడవు, వెడల్పు, లోతు కొలిచారు. మూడో ఇంజనీరు వచ్చి వాళ్లు సరిగ్గా కొలిచారో లేదో కొలిచాడు. ఒక డాక్టరు వచ్చి, ఎప్పుడో అతికిపోయిన కరుణాకుమారి కాలు వాస్తవంగా విరిగిందా అని నొక్కి చూశాడు. ఆమె చేతికర్రతో వాస్తవాన్ని తెలియజేసింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని వెళ్తున్న మస్తానమ్మ ఆగి చూసింది.

"ఏందక్కా, సముద్రానికి వంతెన కడతండారా?"

"బండ వేస్తారంట," అంది అబిగయీలు.

"ఒక్క బండకు ఇంతమందా? మా రేవులో పదారు మెట్లు విరిగుండాయి, కుక్క కూడా రాలే. ఎట్లా అడగాలో కాస్త మాకూ రాసియ్యి తల్లీ."

జవాబు కింది నుంచి పైకి పోతుంది. పంచాయతీ కార్యదర్శి రాసినది మండలానికి, అక్కడి నుంచి జిల్లాకు, అక్కడి నుంచి రాజధానికి. ప్రతిచోటా సాయంత్రం నాలుగింటిలోగా కావాలంటారు కాబట్టి, మధ్యలో ఎవరికీ చదివే తీరిక ఉండదు. కింద ఏం రాస్తే పైన అదే అచ్చవుతుంది. ఈ రహస్యం తెలిసిన గిద్యోను నేరుగా పంచాయతీ ఆఫీసుకు వెళ్లాడు.

కార్యదర్శి ఆనందకుమారి ఆ ఊరికి వచ్చి మూడు వారాలైంది. చూసినదే రాసే రకం.

"ఎవరు పగలగొట్టినారో నాకు తెలీదండీ. తెలీదనే రాస్తాను," అంది.

"చాలమ్మా, అంతే చాలు! 'గుర్తు తెలియని వాహనం' అని రాయి. అందంగా ఉంటుంది."

ఆమె అలాగే రాసింది. గిద్యోను రెండుసార్లు చదివి చూసుకుని, ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి గుండెనిండా గాలి పీల్చుకున్నాడు. బయట కారు దగ్గర మస్తాన్ బీడీ ఆర్పి పారేశాడు.

"ఏమన్నా, గండం గడిచినట్టేనా?"

"గడిచింది. గుర్తు తెలియని వాహనం."

"హమ్మయ్య. ఆ పొద్దు వెనక నంబరు పలక సగం యాడో ఊడిపోయిందన్నా. సార్ అడక్కముందే కొత్తది వేయించినాలే."

గిద్యోను నవ్వాడు. సంతోషంలో ఉన్న మనిషికి సగం పలక పెద్ద విషయంగా తోచదు.

మూడు వారాల తర్వాత, శుక్రవారం కాంక్రీటుతో కొత్త బండ పోశారు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చివీధిలోనే సభ. అచ్చయిన జవాబు ఆ పొద్దుటే వచ్చింది. గిద్యోను కవరు విప్పేలోగా ఎమ్మెల్యే గారు లాక్కున్నారు.

"సార్, ఒక్కసారి చదివి ఇస్తా."

"వద్దులే. వేదిక మీదే విప్పుతా. జనం ముందర విప్పితే ఆ ఊపే వేరు."

చదవకుండా సంతకం పెట్టే మనిషి చదవకుండానే చదవడానికి సిద్ధమయ్యాడు.

షామియానా కింద రెండు వందల మంది. వేదిక మీద మధ్య కుర్చీలో కరుణాకుమారి. ఆమె తన అయిదో తరగతి పంతులమ్మ అని ఎమ్మెల్యే గారు కళ్లు తుడుచుకుంటూ మైకులో చెప్పారు. "ఈ విజయభాస్కర్ ఇంతవాడయ్యాడంటే టీచర్ బెత్తం దెబ్బలే!" చప్పట్లు. బండ మీద చుట్టిన రిబ్బను ఇంకా కత్తిరించలేదు. దాని పక్కన అబిగయీలు కత్తెర ఉన్న పళ్లెం పట్టుకుని నిలబడింది. అవతల, సందు మొదట్లో, కారులో మస్తాన్ సీటు వెనక్కి వాల్చి కునుకు తీస్తున్నాడు.

"ఇప్పుడు ప్రభుత్వం ఇచ్చిన రాతపూర్వక జవాబు!" ఎమ్మెల్యే గారు కవరు చించారు. "బండ పగిలిన మాట వాస్తవమేనా? అవునండీ! కాలు విరిగిన మాట వాస్తవమేనా? అవునండీ! పగలగొట్టినది ఎవరు?" ఇక్కడ ఆగి జనాన్ని ఒక చూపు చూశారు. "గుర్తు తెలియని వాహనం..."

వేదిక మీద వెనక నిలబడిన గిద్యోను కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన సగంలో ఉండగా ఎమ్మెల్యే గారు పేజీ తిప్పారు.

"...అయితే, కొత్త బండ కోసం కాలువలో పూడిక తీయించగా సగం విరిగిన నంబరు పలక దొరికినది. దానిపై చివరి అంకెలు రెండు, ఏడు, సున్నా, ఆరు."

ముందువరుసలో ఆనందకుమారి వినయంగా తల ఊపింది. పూడికలో పలక దొరికిన సాయంత్రమే ఆమె జవాబుకు ఆ వాక్యం చేర్చి పంపింది. చూసినదే రాసే రకం.

"విన్నారా?" ఎమ్మెల్యే గారి గొంతు సముద్రం దాకా పోయింది. ఆయన ఎప్పుడూ కారు ఎక్కడమే గాని, దాని వెనక్కి పోయి చూసింది లేదు. "రెండు ఏడు సున్నా ఆరు! ఎవరిదయ్యా ఈ బండి? ఇరవై ఏడు సున్నా ఆరు! ఎక్కడున్నా ముందుకు రావాలి!"

పెళ్లిళ్లలో, మీటింగుల్లో మైకులో బండి నంబరు పిలిచారంటే అర్థం ఒక్కటే. బండి అడ్డంగా ఉంది, తీయమని. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మస్తాన్ నిద్రలోనే తాళం తిప్పాడు.

"తీస్తుండా సార్! తీస్తుండా!"

కారు సందులో వెనక్కి రావడం మొదలైంది. గిద్యోను వేదిక మీది నుంచి దూకి, దాని వెనక్కి పరుగెత్తి, రెండు చేతులూ పైకెత్తి ఆగమని ఊపాడు. అద్దంలో మస్తాన్‌కు అదే వీధి, అదే మనిషి, అవే చేతులు కనిపించాయి. పోయినసారి వాటి అర్థం ఏమిటో అతనికి బాగా గుర్తుంది. రానిచ్చాడు.

గిద్యోను పక్కకు దూకాడు. రిబ్బను తెగింది. రెండు రోజుల కిందట పోసిన బండ ఫట్‌మంది. వెనక చక్రం కాలువలోకి దిగింది, ఈసారి పైకి లేవలేదు. వెనక నంబరు పలక కొత్తగా, తళతళలాడుతూ, సరిగ్గా వేదికకు ఎదురుగా నిలిచింది.

రెండు వందల మంది ఒకేసారి దాన్ని చదివారు.

అబిగయీలు కత్తెర పళ్లెం కింద పెట్టింది. "ఏమండీ, రొయ్యల లారీ అంటే ఇదేనా?"

"చెప్తా అబీ," అన్నాడు గిద్యోను. "త్వరలో."

మైకు ముందు ఎమ్మెల్యే గారు నోరు తెరిచే ఉన్నారు. కరుణాకుమారి చేతికర్ర ఊతంగా లేచి, కళ్లద్దాలు పైకి జరుపుకుని పలక చూసింది. తర్వాత ఆయన చేతిలోని జవాబు కాగితం తీసుకుని, మూడో ప్రశ్న మీద వేలు పెట్టి, మైకు దగ్గరికి లాక్కుని, ముప్పై రెండేళ్లు హాజరు పిలిచిన గొంతుతో పిలిచింది.

"విజయభాస్కర్!"

ఎమ్మెల్యే గారి కుడిచెయ్యి తనంతట తానే పైకి లేచింది.