బావగారు తుడిచేసిన పదకొండేళ్లు

ఆ ప్రచురణ సంస్థలో కంప్యూటర్లు చూసుకునే ఆయనను అందరూ బావగారనే పిలుస్తారు. అక్షరాలు కూర్చే అమ్మాయి ఆయనకు సొంత మరదలు. ఆమె నోటి నుంచి ఆ పిలుపు ఆఫీసంతా పాకింది. ఆ ఉదయం ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. డిస్కు మళ్లీ నిండిపోయింది. టీ చల్లారేలోగా పాత చిత్తుప్రతులు తుడిచేసి, మధ్యాహ్నం టీచరమ్మ పుస్తకాన్ని ప్రెస్సుకు పంపాలి. రిటైరైన ఆ టీచరమ్మ పదకొండేళ్లు కాలినడకన తిరిగి రాసిన మొక్కల పుస్తకం అది.

ఒక్కో ఫైలుకూ తుడవమంటారా అని కంప్యూటరు అడగడం బావగారికి నామోషీ. అందుకే ఆదేశానికి అడగవద్దనే గుర్తు తగిలించడం ఆయన అలవాటు. పాతవాటి ఫోల్డరులో ఉన్నాననుకుని నల్లటి తెర మీద ఆదేశం కొట్టి, ఎంటర్ నొక్కారు. తీరా చూస్తే, ముందురోజు బొమ్మలు సరిచూడటానికి తాను తెరిచిన టీచరమ్మ పుస్తకం ఫోల్డరులోనే ఇంకా ఉన్నారు. ఎక్కడున్నానని అడిగి ఉంటే కంప్యూటరు ఒక్క వరుసలో చెప్పేది. బావగారి పై ప్రాణాలు పైనే పోయాయి.

తుడిచిన చోట కొత్తది రాస్తే పాతది ఇక తిరిగి రాదని ఎక్కడో చదివింది గుర్తొచ్చి, ఒక్క పరుగున వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేశారు. మేనేజరు లిఫ్టులో రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నాడు. ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దన్న బావగారి కేకకు, ప్రూఫ్‌రీడరు గోడల్లోకి కరెంటు పాకిందనుకుని ఫైరింజనుకు ఫోను చేశాడు. పావుగంటలో ఆఫీసంతా రోడ్డు మీద నిలబడింది. సరిగ్గా అప్పుడే టీచరమ్మ బస్సు దిగారు. ఫైరింజన్ను చూసి, పుస్తకం క్షేమమేనా అని మాత్రం అడిగారు.

బావగారికి అబద్ధమాడే ఓపిక కూడా లేదు. "మంటలేం లేవమ్మా. మీ పుస్తకాన్ని నేనే తుడిచేశాను."

టీచరమ్మ మెట్టు మీద కూలబడ్డారు. మరదలు వచ్చి ఆమె పక్కనే కూర్చుంది.

"పుస్తకం ఎక్కడికీ పోలేదండీ. బావ చేతి దురుసు తెలిసి, మూడేళ్ల కిందటే ఆ ఆదేశాన్ని మార్చిపెట్టాను. ఆయన తుడిచిందల్లా వేరే ఫోల్డరులోకి వెళ్లి కూర్చుంటుంది."

"మూడేళ్లుగా నేను తుడిచినవన్నీ ఉన్నాయా?" అన్నారు బావగారు.

"అన్నీ ఉన్నాయి బావా. డిస్కు ఊరికే నిండుతోందా మరి?"

మరో రోజైతే ఆయన ఇంతెత్తున లేచేవారు. ఆ రోజు కళ్లలో నీళ్లు తిరిగాయి. సొంత చెల్లెలు కూడా ఇంత మేలు చేయదని, మేనేజరును దించుతున్న ఫైర్ సిబ్బంది ముందే ఆమెకు చేతులు జోడించారు. టీచరమ్మ మరదలి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. సాయంత్రానికి పుస్తకం ప్రెస్సుకు చేరింది.

ఇప్పుడు బావగారు ముందుగా ఎక్కడున్నానో అడిగి, అక్కడేమున్నాయో జాబితా చూసుకుని, ఒక్కో ఫైలుకూ వినయంగా అవునని జవాబిస్తున్నారు. నిజంగా తుడిచే ఆదేశం ఏమిటో మరదలు మాత్రం ఇంకా చెప్పలేదు.