బెంగళూరు ప్రయాణ నిధి

“నా ఒంట్లో చివరి రక్తపు బొట్టు ఉన్నంతవరకు ఈ పిల్లల్ని బెంగళూరు పంపి తీరతాను!” అని మా మండల నాయకులు త్రికోటేశ్వరరావు గారు హైస్కూలు ఆవరణలో మైకు పట్టుకుని ప్రకటించారు. రక్తం అక్కర్లేదు, రైలు టికెట్లు చాలని హెడ్మాస్టరమ్మ విజయలక్ష్మి గారు చెప్పబోయారు గానీ అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి.

ఆ మహానుభావుణ్ణి దగ్గరనుంచి చూసే అదృష్టం నాకు దక్కింది. నరసరావుపేటలో నాకు ఫ్లెక్సీలు వేసే షాపుంది.

సంగతేమిటంటే, మా ఊళ్లో తొమ్మిదో తరగతి చదివే వర్షిణి, తరుణ్, మౌలాలీ కలిసి ఒక మిషన్ తయారుచేశారు. కళ్లంలో మిరపకాయలు ఆరబోసినప్పుడు నాలుగు చినుకులు పడితే చాలు, టార్పాలిన్ పట్టా తనంతట తానే వచ్చి కాయల మీద పరుచుకుంటుంది. బెంగళూరులో జరిగే ఇంజినీరింగ్ పోటీకి అది ఎంపికైంది. రానూపోనూ ఖర్చులకు డబ్బు కావాలి.

మర్నాడే ప్రయాణ నిధి కమిటీ పుట్టింది. చందాలు ఎలా పోగుచేయాలో ఆలోచించడానికి కమిటీ మొత్తం చిలకలూరిపేట హైవే మీద ఏసీ హోటల్లో సమావేశమైంది. ఆలోచన బిర్యానీతో మొదలై కిళ్లీతో ముగిసింది. బిల్లు సభ రోజు పోగైన తొలి చందాల్లోంచే కట్టారు. పిల్లల కోసం కాబట్టి ఎవరూ మొహమాటపడలేదు.

తర్వాత నాయకులవారు నా షాపుకు దయచేశారు.

“నా ఫొటో నిలువెత్తున ఉండాల. పక్కన కమిటీ వాళ్లు.”

“పిల్లల ఫొటోలు ఎక్కడ పెట్టమంటారండీ?”

“కింద చోటు మిగిలితే చూడు.”

“మిగల్లేదండీ.”

“అయితే పేర్లు వెయ్.”

“పేర్లేందో చెప్పండి.”

ఆయన కాసేపు ఆకాశంలోకి చూశారు. “‘విద్యార్థులు’ అని వెయ్‌రా. అందులో అందరూ వస్తారు.”

ఇంత సమానత్వ దృష్టి ఉన్న నాయకుణ్ణి నేను చూడలేదు.

పోటీ దగ్గర పడింది. వర్షిణి ఇక ఉండబట్టలేక నాయకులవారికి ఫోన్ చేసింది. అప్పుడు కూడా ఆయన నా షాపులోనే ఉన్నారు. స్పీకర్ ఆన్ చేశారు.

“సార్, టికెట్లు అయిపోతన్నయ్ సార్.”

“తొందరపడమాక తల్లీ. అసలు ఆ ఊరు పిల్లలు పోదగ్గదేనా? రేపు మీకేమన్నా అయితే నేను తట్టుకోలేను. ముందు మేం పోయి చూసొస్తాం.”

అన్నట్టే కమిటీ విమానంలో వెళ్లి చూసొచ్చింది. పార్కులో చూసింది, షాపింగ్ మాల్‌లో చూసింది, చూసిన ప్రతిచోటా ఫొటోలు దిగింది. తిరిగొచ్చాక నాయకులవారు ప్రెస్‌మీట్ పెట్టి గద్గద స్వరంతో నివేదించారు.

“అక్కడ చానా చలిగా ఉంది. పిల్లలు తట్టుకోలేరు. అందుకని స్వెట్టర్ల నిధి ప్రారంభిస్తున్నాం.”

“మరి ప్రయాణ నిధి ఏమైందండీ?” అని ఒక విలేకరి అడిగాడు.

“ప్రయాణం అయింది కదయ్యా!”

అందరూ తలలూపారు. నేను కొత్త ఫ్లెక్సీ వేశాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. మిషన్‌ను ఒక్కసారైనా నిజం వానలో చూద్దామని పిల్లలు అంతకుముందే దాన్ని మా ఊరి ముసలి మిరప రైతు కొండమ్మ కళ్లంలో బిగించి ఉంచారు. వాన దబదబా పడింది. చుట్టుపక్కల కళ్లాల్లో జనం పట్టాల కోసం పరుగులు తీస్తుంటే, కొండమ్మ కళ్లంలో పట్టా గరగరమంటూ దానంతటదే కప్పుకుంది. అరుగు మీద కూర్చున్న కొండమ్మకు లేవాల్సిన పనే పడలేదు. అలవాటు లేని ఆ సుఖానికి ఆవిడకు కన్నీళ్లొచ్చాయి.

“ఏమే వర్షిణీ, ఇంత పని చేసినోళ్లు ఇక్కడే ఉండారేందే? బెంగళూరు పోలా?”

“టికెట్లకు డబ్బుల్లేవు అమ్మమ్మా.”

“మరి ఊరూరా ఆ బొమ్మలేంది?”

“అయి సార్‌వి అమ్మమ్మా.”

కొండమ్మ కొంగు ముడి విప్పింది. ఇరుగుపొరుగు కళ్లాల వాళ్లను కేకేసింది. వాళ్లూ ఇచ్చారు, తమకూ అలాంటి మిషన్ చేసిపెట్టాలన్న షరతు మీద. చీకటి పడకముందే పని అయిపోయింది. మైకు లేదు, దండల్లేవు, ఒక్క ఫ్లెక్సీ లేదు. దాన్ని నిధి సేకరణ అనడానికి వృత్తిరీత్యా నాకు మనసొప్పలేదు.

విజయలక్ష్మి గారు పిల్లల్ని వెంటబెట్టుకుని జనరల్ బోగీలో బెంగళూరు వెళ్లారు. మొదటి బహుమతి వచ్చింది.

కబురు తెలియగానే త్రికోటేశ్వరరావు గారు డప్పులతో, బాణసంచాతో నరసరావుపేట స్టేషన్‌కు తరలివచ్చారు. రైలు ఆగింది. ఎదురుగా ఉన్న ఏసీ బోగీలోంచి ముగ్గురు పిల్లలు బ్యాగులతో దిగారు. నాయకులవారు ఉరికి, ముగ్గురి మెడల్లోనూ గజమాలలు వేసి, చిన్నవాణ్ణి భుజానికెత్తుకుని, నోటి దగ్గర మైకు పెట్టారు.

“చెప్పు నాయనా! మిమ్మల్ని ఇంతదూరం పంపింది ఎవరు?”

“మా మమ్మీ, అంకుల్. అత్త వాళ్లింట్లో పెళ్లికి.”

“మమ్మీ అంట! ఎంత ఎదిగినా కన్నతల్లిని మర్చిపోలేదయ్యా!” అంటూ ఆయన కళ్లు తుడుచుకున్నారు. టపాకాయలు పేలాయి.

వెనక జనరల్ బోగీలోంచి దిగి, మిషన్ పెట్టె మోసుకుంటూ అటే వస్తున్న మౌలాలీని కార్యకర్త ఒకడు ఆపాడు. “ఒరేయ్, అడ్డం రామాక, ఫొటో చెడుద్ది.” అంతలో ఏదో తోచి, పక్కనున్న వర్షిణి చేతికి తన ఫోన్ ఇచ్చాడు. “అమ్మాయ్, నువ్వు తియ్యమ్మా. మేమందరం పడాల.”

తరుణ్ కిసుక్కున నవ్వాడు. వర్షిణి నవ్వు బిగబట్టి, రెండడుగులు వెనక్కి వేసి, “సార్ కొంచెం లెఫ్ట్‌కి, స్మైల్ సార్” అంది.

ఫొటో చాలా క్లియర్‌గా వచ్చింది. సన్మానం ఫ్లెక్సీకి దాన్నే వాడాను.