గోతికి ప్రారంభోత్సవం

అయ్యా, మా వీధిలో గొయ్యిని ఎవరైనా పూడ్చారో, నేను ఊరుకోను! పైపు వెయ్యడానికి తవ్వి, పైపు సంగతి మరిచిపోయి పదకొండు నెలలైంది. అలాంటి గొయ్యి మీ వీధిలో ఉందా? లేకపోతే మీ మీద జాలేస్తోంది.

అది లేకపోతే మా ఆవిడ కళాకారిణి అయ్యేదా? ఆమెది ఫోటో స్టూడియో. గొయ్యి సరిగ్గా గుమ్మం ముందే. పాస్‌పోర్ట్ ఫోటోలకని వచ్చినవాళ్లు దాటలేక వెనక్కి తిరిగిపోయేవారు. ఖాళీగా కూర్చుని ఏం చేస్తుంది పాపం? కస్టమర్లకు తొడిగే స్టూడియో కోటు తనే తొడుక్కుంది. వదులంతా వెనక్కి లాగి బట్టల క్లిప్పులు పెట్టింది. మీసం అంటించుకుని, గోతి అంచున నిలబడి రిబ్బన్ కత్తిరించింది. కెమెరా నొక్కింది నేనే. ముందు నుంచి చూస్తే సాక్షాత్తూ మంత్రి, వెనక నుంచి చూస్తే దండెం!

ఆ తర్వాత ఆమెని ఆపడం నా తరం కాలేదు. పట్టుదలగా నిలిచినందుకు గోతికి సన్మానం. వానకు నీళ్లు నిండిన రోజు స్టూలెక్కి ఏరియల్ సర్వే! ఫోటోలన్నీ షోకేసులో పెట్టింది. జనం గొయ్యి దూకి మరీ వచ్చి చూశారు.

ప్రభుత్వానికి చురుకు లేదని ఎవరన్నారండీ? మూడో రోజుకల్లా మున్సిపల్ ఆఫీసు నుంచి ఆరుగురు దిగారు.

"మంత్రిగారినే వెక్కిరిస్తారా?" అన్నాడు పెద్దాఫీసరు.

"ఏ మంత్రిగారినండీ? నేనెవరి పేరూ రాయలేదే!" అంది మా ఆవిడ.

"చూస్తే తెలియట్లేదా?"

"ఏం చూసి గుర్తుపట్టారు?"

"ఆ గొయ్యి..." అని నాలిక్కరుచుకున్నాడు.

రేపు సాయంత్రంలోగా ఫోటోలు తీసెయ్యాలట, లేకపోతే స్టూడియోకి సీలేనట. నోటీసు అంటించి, గోతి పక్కనుంచి జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు నెలల కిందట మా అమ్మ ఆ గోతిలోనే పడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచి ఆరు అర్జీలు పెట్టాను. ఒక్కడూ తొంగి చూడలేదు. అమ్మ తుంటికి రానివాళ్లు పెట్టుడు మీసానికి పరుగెత్తుకొచ్చారు!

స్టూడియో వెనకే మా ఇల్లు. ఫోటోలు తీసేద్దామా వద్దా అని మేమిద్దరం గొణుక్కుంటుంటే, మంచం మీద నుంచి అమ్మ కేకేసింది.

"అమ్మాయ్, ఇంకో మీసం ఉందా?"

"ఎందుకత్తయ్యా?"

"నాకు అంటించు. వాకర్ పట్టుకుని గోతి దగ్గర నించుంటాను. ఈసారి ఎంతమంది వస్తారో చూద్దాం."