గీత చెదరని పోచంపల్లి

ఆ రోజు పొద్దున వాసంతి పెట్టుకున్న పని ఒక్కటే. త్వరగా వంట ముగించి, కొత్త ఫోర్‌కే టీవీలో కూతుర్ని చూసుకోవాలి. సుప్రియ ఒక లోకల్ చానెల్ మహిళల కార్యక్రమంలో తమ దుకాణం చీర కట్టుకుని మాట్లాడబోతోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో భర్త నరేష్‌కుమార్ నడిపే ఆ దుకాణానికి ఉన్న పేరంతా అసలైన మగ్గం చీరల వల్ల వచ్చిందే.

కార్యక్రమం మొదలైంది. కూతురి ముక్కు మీద చెమట చుక్క కూడా కనబడింది. పిల్లకు జ్వరమేమోనని వాసంతి కంగారుపడింది. అంతలో చూపు చీర మీద పడేసరికి జ్వరం సంగతే మరిచిపోయింది.

పోచంపల్లి చీరకు నేతకు ముందే నూలును అక్కడక్కడ బిగించి కట్టి రంగుల్లో ముంచుతారు. అందుకే పువ్వు అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది. అచ్చు వేసిన నకిలీలోనే గీత కచ్చితంగా ఉంటుంది. నేతవాళ్లింట్లో పుట్టిన వాసంతికి ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. టీవీలో ఒక్క పువ్వు అంచూ చెదరలేదు.

వెంటనే భర్తకు ఫోన్ చేసింది. "ఓ సుప్రియ నాయినా! గా చీర ప్రింటుది! ఎవడో మనల్ని ముంచిండు. షట్టర్ దించు!"

"ఏందే? గిరాకీ ఉంది."

"గిరాకీ ఎటుబోతది? పోలీసులొస్తే ఇజ్జత్ పోతది!"

షట్టర్ దిగింది. ఈలోగా వాసంతి పై అంతస్తుకు పరుగెత్తింది. అక్కడ ఉండే హనుమాయమ్మ మొన్ననే వాళ్ల దుకాణంలో అలాంటి చీరే కొన్నది.

"పిన్నీ, ఆ చీర జర వాపస్ ఇయ్యి."

"ఎందుకే అమ్మాయ్? పాడైపోయిందా?"

"ఏం లేదు పిన్నీ. ఊకెనే."

ఊరికే ఎవరూ చీర వెనక్కి అడగరని హనుమాయమ్మకు తెలుసు. ఎల్బీ నగర్‌లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆవిడ తన వాట్సాప్ గుంపుకు చెప్పింది. కాసేపటికి దించిన షట్టర్ ముందు కొన్న చీరల సంచులతో ఆడవాళ్లు చేరారు. వెనక తలుపు నుంచి తప్పించుకుని నరేష్‌కుమార్ ఇంటికి వచ్చిపడ్డాడు.

కార్యక్రమం ఇంకా నడుస్తూనే ఉంది. సంగతి తేల్చుకుందామని హనుమాయమ్మ కూడా చీర పట్టుకుని కిందికి దిగింది. అతను హనుమాయమ్మ చీరను టీవీ కింద పరిచాడు. అంచులు చక్కగా చెదిరి ఉన్నాయి. టీవీలో అదే పువ్వు గీసినట్టుంది. రిమోట్ తీసుకుని బొమ్మ పదును తగ్గించాడు. టీవీలో పువ్వు కూడా మెల్లగా చెదిరింది.

"చూసినవా? టీవీయే అంచులు దిద్దుతది. ఎక్కువ సాఫ్ జేసి చూపిస్తది. మన చీర అసలుదే!"

వాసంతికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. "పిన్నీ, తప్పయింది. నీ చీర నువ్వే ఉంచుకో."

హనుమాయమ్మ చీర వంక చూసి మొహం చిట్లించింది. "అయితే నాకిచ్చింది మసకదన్నమాట! ఇందాక టీవీలో గీతలు ఎంత చక్కగా ఉన్నాయి! అది ఇవ్వు."

"అట్లాంటిది ఉండది పిన్నీ. ఇదే అసలుది."

"అసలుది నాకెందుకే? మంచిది ఇవ్వు."

షట్టర్ ముందు సంచులతో నిలబడ్డవాళ్లకు కావాల్సిందీ టీవీలో కనబడ్డ గీత చెదరని చీరేనని ఆ తర్వాత తెలిసింది.

వాసంతి తన టీవీని మసకగానే ఉంచేసింది. మిగతా ఇళ్ల టీవీల రిమోట్లు చేతికి ఎలా వస్తాయన్నదే ఇప్పుడు ఆమె దిగులు.