ముప్పై ప్రాసెసర్లు మాయం

ఆ ఉదయం సర్వర్ల ఇన్‌చార్జి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు ఆఫీసు చేరాలి. వార్షిక తనిఖీ ఫారం నింపి ఇవ్వాలి. అది ఇస్తేనే మంజూరు చేస్తామన్న నాలుగు రోజుల సెలవు పుచ్చుకోవాలి. రెండు గంటల రైలెక్కాలి. ఆరేళ్లలో ఇదే మొదటి సెలవు. అందుకే పెట్టెతో సహా బయలుదేరాడు.

"ఈసారైనా రైలెక్కుతామా, పోయినసారిలా టిక్కెట్లు చూసుకుని మురిసిపోవడమేనా?" అంది భార్య, గుమ్మంలో నిలబడి.

"ఒక్క గడి నింపితే అయిపోతుందే. నువ్వు నేరుగా స్టేషన్‌కి వచ్చెయ్."

ఆ గడిలోని ప్రశ్న: ప్రాసెసర్లు ఎన్ని? ఆఫీసు పనులన్నీ మోసే ఇరవై యంత్రాలూ నిజానికి ఒకే పెద్ద సర్వర్ కడుపులో నడిచే ఊహాయంత్రాలు, అంటే వర్చువల్ మెషీన్లు. ఆ సర్వర్‌లో చిప్‌లు రెండు. ఒక్కో చిప్‌లో కోర్లు ఎనిమిది. పని చేసేవి కోర్లే గనుక, సత్యసంధుడైన ఇన్‌చార్జి పదహారు అని రాశాడు.

ఫారం సరిచూడడానికి వచ్చిన స్టోర్స్ సూపరింటెండెంటు కళ్లద్దాలు సర్దుకుని సర్వర్ తెర మీదికి వంగాడు. "ఏంటి సార్, ఇక్కడ ముప్పై రెండని ఉందిగా?"

"అది హైపర్‌థ్రెడింగ్ అండీ. ఒక్కో కోరూ రెండుగా కనిపిస్తుంది. వంటమనిషి ఒక పొయ్యి మీద నీళ్లు కాగేలోగా రెండో పొయ్యి మీద గరిటె తిప్పినట్టు. పొయ్యిలు రెండు, మనిషి ఒక్కడే."

"పొయ్యిలూ వంటమనుషులూ నాకెందుకు సార్! తెర ముప్పై రెండంటోంది, మీరు పదహారంటున్నారు. మిగతా పదహారూ ఏవి?"

"కావాలంటే మూత విప్పి చూసుకోండి," అన్నాడు ఇన్‌చార్జి విసుగ్గా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నది ఆ క్షణాన ఆయనకు గుర్తు రాలేదు.

ఆ మాటకు సూపరింటెండెంటుకు ప్రాణం లేచివచ్చింది. పదేళ్లుగా ఆయనను ఎవరూ దేని మూతా విప్పనివ్వలేదు. సర్వర్ ఆపించాడు. దానితోపాటు ఇరవై ఊహాయంత్రాలూ, వాటి మీద బతికే ఆఫీసూ ఆగిపోయాయి. మూత విప్పి, టార్చి వేసి ఎంత గాలించినా కనిపించినవి రెండే చిప్‌లు.

"పదహారు రాశారు, ముప్పై రెండు చూపించారు, తీరా ఉన్నవి రెండా!" సూపరింటెండెంటు టార్చి ఆర్పేశాడు. "ముప్పై పోయాయి సార్!"

నిప్పు లేకుండానే పొగ గేటు దాకా పాకింది. వాచ్‌మన్ తన గదిలో భద్రంగా దాచిన ఇన్‌చార్జి పెట్టెను ఆయన చేతే తెరిపించి, నాలుగు చొక్కాలు, ఒక దువ్వెన, గ్యాస్ మాత్రల సీసా కాగితం మీదికి ఎక్కించాడు.

"ఊరెళ్లే రోజే సామాను మాయమైందా సార్? బాగుంది," అన్నాడు, మాత్రల సీసాను చెవి దగ్గర ఆడిస్తూ.

తన గదిలో తెర ఎందుకు నల్లబడిందో కనుక్కుందామని డైరెక్టర్ మేడమ్ స్వయంగా దిగివచ్చేసరికి పన్నెండున్నర. ఇన్‌చార్జి ఓపిక అడుగంటింది; అయినా వంటమనిషి కథ అయిదోసారి చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది.

"ఓహో! మనిషిని పెంచకుండానే రెండు పనులన్నమాట! ఏవీ పోలేదండీ సూపరింటెండెంటు గారూ, ముందు సర్వర్ ఆన్ చేయించండి."

ఇన్‌చార్జికి కళ్లు చెమర్చాయి. ఆరేళ్లలో ఆయన మాట అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆవిడ.

సర్వర్ లేచింది. సెలవుల పేజీ తెరుచుకుంది. మేడమ్ వేలు దాని మీద ఆగింది.

"మీ పేరు రెండుచోట్ల ఉందేంటండీ? సర్వర్ల ఇన్‌చార్జి, నెట్‌వర్క్ ఇన్‌చార్జి?"

"ఆ పోస్టు ఖాళీ అయిన దగ్గర్నుంచి అదీ నేనే చూస్తున్నా మేడమ్."

"అంటే, పొయ్యిలు రెండు," అందావిడ మెచ్చుకోలుగా. "సరే, సర్వర్ల ఇన్‌చార్జికి సెలవు ఇచ్చేశాను. ఇంత గందరగోళం జరిగాక నెట్‌వర్క్ ఇన్‌చార్జి మాత్రం ఇక్కడ ఉండి తీరాలి."

"మనిషి ఒక్కడే మేడమ్..."

"తెర మీద ఇద్దరున్నారు కదండీ."

సూపరింటెండెంటు తృప్తిగా తలూపాడు. ఆ రోజు ఆయన లెక్క సరిపోయింది ఆ ఒక్కచోటే.

ఒంటిగంటన్నరకు ఇన్‌చార్జి ఫోన్‌లో విషయం చెప్పాడు. అవతల స్టేషన్ రొద వినిపిస్తోంది.

"అయితే సెలవు దొరికినాయన్ని పంపండి," అంది భార్య. "డ్యూటీ ఆయన్ని వాళ్లనే ఉంచుకోమనండి."

రెండు గంటల రైల్లో ఆమె పక్క సీటు, ఆఫీసు రికార్డుల ప్రకారం, ఖాళీగా లేదు.